మొగురాల మీద నిలిచిన ఇల్లు

మెట్‌పల్లి చుట్టుపక్కల పాత రైతు భవంతులు కలప కింద అమ్ముడుపోతున్నాయి. అవి ఎట్లా కట్టారో, ఎందుకు కాపాడుకోవాలో చెప్పే కథనం.

పాత ఇల్లు కొనడానికి వచ్చిన కలప వ్యాపారి ముందుగా మొగురాలు, అంటే కర్ర స్తంభాలు, లెక్కపెడతాడు. తర్వాత దూలాలు, దర్వాజలు చూస్తాడు. గోడలకు అతని లెక్కలో విలువ లేదు. ఉత్తర తెలంగాణ భవంతి బలమంతా ఎక్కడుందో అతనికి బాగా తెలుసు.

గల్మ (తలవాకిలి) దాటితే నడుమ వాకిలి, చుట్టూ పెంకల కప్పు కింద సాయబాన్ (వసారా), దాని వెనుక అర్రలు (గదులు). ఒక అర్రలో వడ్ల గుమ్ములు, మరో అర్రలో దేవుడు, పెరటి వైపు పశువుల కొట్టం. పసుపు, మక్కలు పండించే ఈ నేల మీద ఇల్లంటే మనుషులతో పాటు పంటకూ, పశువుకూ నీడ.

బరువంతా కర్ర మీదే

మొగురాన్ని నేరుగా మట్టిలో పాతరు, రాతి దిమ్మె మీద నిలబెడతారు. అందుకే దానికి తడి, చెద అంత తొందరగా అంటవు. మొగురం తల మీద బోదె, బోదె మీద దూలం, ఆపైన వాసాలు, పెంకలు. కుసి తీసి బెజ్జంలో దిగగొట్టి, కర్ర చీలలతో బిగిస్తారు. కప్పు బరువును ఈ చట్రమే చాలావరకు మోస్తుంది. దాంతో ఒక గోడ వానకు కూలినా ఇల్లు నిలబడే ఉంటుంది. ఒక వాసం పుచ్చితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

మందపాటి మట్టిగోడల పని వేరు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పగటి వేడిని అవి అంత తొందరగా లోపలికి రానివ్వవు. వాకిలి మీదుగా వేడిగాలి పైకి పోతుంది.

గోదావరికి అవతల ఆదిలాబాద్ టేకు అడవులు. చేవదేరిన టేకులోని నూనె గుణం చెదను దూరం పెడుతుంది. టేకుతో పాటు నల్లమద్ది, ఇప్ప, వేప కర్రలూ వాడారు. కప్పుకు మొదట కుమ్మరి చేసిన గూన పెంకలు ఉండేవి, తర్వాత బెంగుళూరు పెంకలు వచ్చాయి. ఆ తరహా పెంకలను 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ తయారు చేయడం మొదలుపెట్టింది.

గడీ వేరు, రైతు ఇల్లు వేరు

కట్టుబడిలో పోలికలున్నా దొరల గడీల వెనుక వెట్టి చాకిరి ఉంది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో దొరల పెత్తనానికి ఎదురుగా రైతుకూలీలు కదిలారు. ఆ ఉద్యమాల కాలంలో ఎందరో దొరలు ఊళ్లు విడిచారు, గడీలు పాడుపడ్డాయి. రైతుల ఇండ్లను మార్చింది మాత్రం అన్నదమ్ముల పంపకాలు, గల్ఫ్ సంపాదనతో లేచిన స్లాబు ఇండ్లు. చేతిలో డబ్బు ఉన్నవారు కొత్త ఇల్లు కోరుకోవడం తప్పు కాదు. పాతదాన్ని కూల్చడమొక్కటే దారి అనుకోవడం తప్పు.

బాగుచేసి నిలబెట్టుకునే దారీ ఉంది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను శ్రద్ధగా బాగుచేయగా 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది. కోటకు దొరికిన ఆ శ్రద్ధ రైతు ఇంటికీ దొరకవచ్చు. జపాన్‌లోని షిరకావగో పల్లెవాసులు తమ కర్ర ఇండ్లను అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు అని 1971లో కట్టుబాటు చేసుకున్నారు. 1995లో ఆ పల్లె ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

మీ ఊళ్లో అలాంటి భవంతి ఉంటే వానాకాలానికి ముందే పెంకలు సర్దించండి. కప్పు కారకపోతే కర్ర అంత తొందరగా చెడదు. ఊరి వడ్లాయనను పిలిచి మొగురాలు, దూలాలు చూపించండి. కూల్చక తప్పని ఇల్లయితే కొలతలు రాసి, ఫొటోలు తీసి, కట్టిన తీరు తెలిసిన పెద్దల మాటలు రికార్డు చేయండి. విప్పి అమ్మితే వచ్చేది కలప ధర ఒక్కటే. అదే కర్రను ఇల్లుగా నిలబెట్టుకుంటే మీ మనుమలూ ఆ సాయబాన్‌లో కూర్చుంటారు.