కంప్యూటరు నెట్‌వర్కుల చదువు – పల్నాటి బాలికలు



ఇంజనీరింగు ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడు దినములలో మా నరసరావుపేటలో ఏ యింటి కేగినను ఒక్కటే ప్రశ్న: "పిల్లకు కంప్యూటరు సీటు వచ్చినదా?" వచ్చినదని మిఠాయి పంచు తల్లిని "ఆ చదువులో నేమి చెప్పుదురమ్మా?" యని యడిగినచో, "ఏమో వదినా, ఉద్యోగము వచ్చునట" యని బదులు చెప్పును. నాలుగేండ్లు బిడ్డ తలవంచి చదువు విద్య యెట్టిదో కన్నతల్లికి తెలియకుండుట నాకు వెలితిగా దోచినది. అందు ముఖ్యమైన రెండు భాగములను గూర్చి వ్రాయుచున్నాను.

ఈ చదువునకై పూర్వమువలె దూరదేశము పోవలసిన పని లేదు. నరసరావుపేటలో 1998 నుండియే ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల గలదు. 2016లో కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు తమ కళాశాలను సయితము ఇచట నెలకొల్పిరి.

మొదటిది నెట్‌వర్కుల శాస్త్రము. మనము ఫోనులో పంపు ఛాయాచిత్రము ఒక్కముద్దగా పోదు. చిన్నచిన్న తునకలై, ప్రతి తునకపై చిరునామాయు సంఖ్యయు ధరించి బయలుదేరును. నరసరావుపేటనుండి మాచర్లకు గురజాల మీదుగ కొందరును, వినుకొండ చుట్టు తిరిగి కొందరును పోయినట్లు, అవి వేర్వేరు త్రోవల నైనను పోవచ్చును. చేరినచోట సంఖ్యల ననుసరించి మరల కూర్చబడును. దారిలో తప్పిన తునకను తిరిగి పంపుదురు.

ఇందొక చిక్కు గలదు. సాగరు కుడికాలువ క్రింద సేద్యము చేయు ఇండ్ల స్త్రీలకు దీనిని వేరుగా చెప్ప నక్కరలేదు. పైవారందరు ఒక్కసారి తూములెత్తినచో చివరి భూములకు నీరందదు గదా! 1986లో అమెరికాలోని బర్క్‌లీలో నిట్టిదే జరిగినది. కేవలము 400 గజముల దూరముననున్న రెండు స్థలముల నడుమ, సెకనుకు 32,000 బిట్లు సాగవలసిన వార్త 40 బిట్లకు పడిపోయినది. తునకలు తప్పినకొలది యంత్రములు మరల మరల పంపుచు రద్దీని తామే పెంచినవి. వాన్ జేకబ్సన్ అను నతడు 1988లో దీనికి ఉపాయము ప్రకటించెను. మెల్లగా మొదలిడవలెను, తునక తప్పినదని తెలియగనే పంపు వేగమును బాగుగా తగ్గించి, పిదప కొంచెము కొంచెముగా పెంచవలెను. పైనుండి ఆజ్ఞాపించువా డెవడును లేడు. ప్రతి యంత్రమును తనంతట తానే తగ్గును. మన కాలువలపై నింత మర్యాద యెన్నడు చూతుమో!

ఈ శాస్త్రమునకు స్త్రీలు చేసిన మేలు తక్కువది కాదు. యంత్రములను గుండ్రముగా కలిపినచో వార్త అంతులేక తిరుగుచుండును. యంత్రములే తమలో తాము కొమ్మలు గల చెట్టువలె దారి నేర్పరచుకొను పద్ధతిని 1985లో ప్రకటించినది రేడియా పెర్ల్‌మన్ అను విదుషి. ఆ శాస్త్రవ్యాసమున నామె ఒక చిన్న పద్యమును గూడ చేర్చినది! నాగమ్మ మంత్రాంగము నడపినదని చెప్పుకొను పల్నాట, ఇవి ఆడపిల్లల కేల యనువారు ఇంకను గలరు.

రెండవది, పని పెరిగినకొలది పెరుగగల కంప్యూటరు వ్యవస్థల విద్య. పదిమందికైన నొక పొయ్యి చాలును. వేయిమంది పెండ్లికి కొండంత గుండిగ చేయింతుమా? గాడిపొయ్యి త్రవ్వి పలువురు వంటవారిని పెట్టుదుము. అప్పుడే కష్టము లారంభమగును. ఒకే పులుసులో నిద్దరు ఉప్పు వేయుదురు, లేదా ఎవ్వరును వేయరు. నడుమ నొకడు జ్వరముతో పడుకొనును. వేలకొలది యంత్రములతో నిట్టి వంట నడిపించు తీరును గూగులు సంస్థకు చెందిన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ అనువారు 2004లో వెల్లడించిరి. పనిని పంచుట, చెడిన యంత్రము పనిని వేరొకదాని కప్పగించుట, ఫలితములను కూర్చుట అందలి సారము.

నా విచార మొక్కటే. ఇది కంఠస్థము చేయు చదువు కాదు. చేతితో చేసి, చెడగొట్టి, బాగుచేసి నేర్వవలసినది. అన్నకు కంప్యూటరు కొని, చెల్లెలిని "కళాశాలలో చూచుకొమ్ము" అను ఇండ్లు నేనెరుగుదును. అటు కళాశాల ముగియగనే బస్సు. ఇంటికి రాగనే అంట్లు.

మా వీథిలోని యొక తల్లి, తన గాజులకై దాచిన సొమ్ముతో కూతురికి రెండు పాత కంప్యూటర్లు కొనియిచ్చినది. మొన్న నేనేగునప్పటికి ఆ పిల్ల వాటిని తీగతో కలిపి పెద్ద చిత్రము నొకటి పంపుచుండెను. నడుమ తీగ లాగివైచి, పదిలెక్కపెట్టి, మరల తగిల్చినది. ఆగినచోటినుండియే చిత్రము సాగుటచూచి తల్లి కొంగుతో చేయి తుడుచుకొనుచు, "ఏదీ, ఇంకొకసారి లాగు" మన్నది.