వేసవి యాత్రకు వేళ మార్పు

వేసవి సెలవులలో మస్కి, ముద్గల్లు చూచి రావలెనని మన విద్యార్థులు తలపెట్టిన యాత్ర వాయిదా పడినది. కొందరు చిన్నబుచ్చుకొనిరి. "ఎండకు వెఱచి ఇల్లు కదలకుందుమా?" అని యొకరు ప్రశ్నించిరి. ప్రశ్న సమంజసమే. దానికి సమాధానము ధైర్యసాహసములలో గాక శరీరధర్మములో నున్నది.

రాయచూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16 డిగ్రీల అక్షాంశమున నున్నది. కావున సూర్యుడు ఏటా రెండుమారులు మన నడినెత్తిపైకి వచ్చును: మే మొదటి వారమున నొకసారి, ఆగస్టు రెండవ వారమున మరియొకసారి. ఆగస్టులో మబ్బు కప్పియుండును. తడిసిన నేలపై బడిన వేడిమిలో కొంత ఆ తడిని ఆవిరి చేయుటకే వ్యయమగును. మే మాసములో ఆ రెండును లేవు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్నాము గదా యని సంతసింతుమే గాని, నదికి దూరముననున్న రేగడిచేలు అప్పటికి బీటలు వారియుండును. రాతిగుట్టలు పగలు త్రాగిన వేడిని రాత్రి వఱకు కక్కుచుండును. మస్కిలో అశోకశాసనమున్నదియు అట్టి గుట్టమీదనే.

నడిమధ్యాహ్నము దాటినచో ఎండ తగ్గునని తలంపరాదు. గాలి మిక్కిలి వేడెక్కునది రెండు నుండి నాలుగు గంటల నడుమ. అంతవఱకు నేల కోల్పోవు వేడికంటె పొందునదియే యెక్కువ.

మన దేహోష్ణము సుమారు 37 డిగ్రీలు. గాలి 42 డిగ్రీలైనప్పుడు వేడి దేహము నుండి గాలికి పోదు. గాలి నుండియే దేహములోనికి వచ్చును. అప్పుడు మిగిలిన యుపాయము చెమట యొక్కటే. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని కొనిపోవును. బస్సు ప్రయాణములోని చిక్కు ఇచ్చటనే యున్నది. కిటికీ గాలికి చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవుటచే, "మాకు చెమటయే పట్టలేదు" అని పిల్లలు నీరు త్రాగరు. ఒంటిలోని నీరు తఱిగి, దేహోష్ణము 40 డిగ్రీలు దాటినచో మాట తడబడును, స్మృతి తప్పును. ఇదియే వడదెబ్బ, ప్రాణాంతకము. అట్టివానిని నీడకు చేర్చి, ఒడలంతయు నీటితో తడిపి విసరుచు, వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును.

కావున మస్కి, ముద్గల్లు డిసెంబరునకు మార్చబడినవి. మస్కి శాసనము 1915లో బయటపడినది. అంతవఱకు దొరకిన శాసనములలో బిరుదులచేతనే తెలియబడిన రాజును అది అశోకుడని పేరు పెట్టి చెప్పినది. రెండువేల రెండువందల యేండ్లకు పైగా నిలిచిన రాయి మఱి యేడు నెలలలో ఎక్కడికిని పోదు.

ఈ మే మాసములో ఉదయము ఆరు గంటలకు మన రాయచూరు కోటకే పోవుదము. 1294 నాటి తెలుగు శాసనము గల, 41 అడుగులకు మించిన యేకశిల దాని గోడలో నున్నది. ఆ శిలను బండిపై నుంచి పశువులచే లాగించుచున్న చిత్రము కూడ అచ్చట చెక్కబడియున్నది. దానిని వెదకి చూడుడు. ఎనిమిదిన్నరకు అందఱును ఇండ్లు చేరవలెను. ప్రతివారును నీళ్లసీసా, ఉప్పు కలిపిన మజ్జిగ, తలకు తువాలు తెచ్చుకొనవలెను.