వీడియో పాఠాలకు ఏ స్టాండు కొనాలి? దాతలకు కొన్ని సూచనలు

బడిలో పాఠాలు వీడియో తీసుకోవడానికి ఏదైనా కొనిస్తామని మధిర చుట్టుపక్కల దాతలు అడిగినప్పుడు, చాలామంది నోట ముందుగా వచ్చే మాట గింబల్. పెళ్లిళ్లలో వీడియో తీసే కుర్రాళ్ల చేతుల్లో దాన్ని చూసి ఉంటారు. వస్తువు మంచిదే. కానీ బడికి మొదట కొనవలసింది అది కాదని నా అభిప్రాయం.

చేత్తో పట్టుకున్న కెమెరా రెండు విధాలుగా కదులుతుంది. మణికట్టు వణుకు వల్ల, ఊపిరి వల్ల అది పైకీ కిందికీ వంగుతుంది, పక్కలకు తిరుగుతుంది, ఒక వైపు ఒరుగుతుంది. నడిస్తే ఇవి చాలవన్నట్టు, అడుగు అడుగుకూ కెమెరా మొత్తం లేచి పడుతుంది. మొదటిది తిరగడం, రెండోది ఎగరడం.

గింబల్‌లో మూడు చిన్న మోటార్లు ఉంటాయి. కెమెరా ఎటు తిరిగిందో లోపలి సెన్సర్లు పసిగట్టగానే మోటార్లు దాన్ని వెనక్కి తిప్పుతాయి. అంటే తిరగడాన్ని అది బాగా ఆపుతుంది, ఎగరడాన్ని పెద్దగా ఆపలేదు. అందుకే గింబల్ పట్టుకున్నవాళ్లు మోకాళ్లు కాస్త వంచి, నిండు బిందె మోస్తున్నట్టు మెల్లగా నడుస్తారు. పైగా ఛార్జింగు ఉండాలి, కెమెరాను సరిగ్గా తూకంలో బిగించాలి.

ఈ రెండు కదలికలనూ మోటార్లు లేకుండానే అదుపు చేసినవాడు అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్. ఆయన చేసిన స్టెడీకామ్‌ను 1976లో వచ్చిన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’, ‘రాకీ’ చిత్రాల్లో వాడారు. నడుముకూ భుజాలకూ బిగించిన కవచం నుంచి స్ప్రింగు చెయ్యి ఒకటి వస్తుంది. అది అడుగుల కుదుపును మింగేస్తుంది. ఆ చేతికి తగిలించిన కడ్డీకి పైన కెమెరా, కింద బ్యాటరీ, మానిటర్ ఉంటాయి. బరువు అలా దూరదూరంగా ఉంటే కడ్డీ తొందరగా తిరగదు. తాడు మీద నడిచే మనిషి పొడవాటి గడ పట్టుకునేదీ ఇందుకే. 1989లో రామ్‌గోపాల్ వర్మ ‘శివ’లో స్టెడీకామ్ వాడారు. మా తరానికి ఆ సినిమా అంటే సైకిలు చైనే గుర్తు గానీ, మనుషుల వెంట కెమెరా పరుగెత్తిన తీరూ అప్పట్లో కొత్తే.

కానీ మాస్టారు బోర్డు దగ్గర పరుగెత్తరు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, మన రాష్ట్రంలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాక చాలామంది పిల్లలు ఫోన్లలోనే చదువుకున్నారు. అంత చిన్న తెర మీద, అంకె నెత్తిన వర్గం గుర్తుగా వేసే చిన్న రెండు కనపడకపోతే లెక్క మొత్తం తప్పే. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వీడియో ఫైలు ప్రతి చిత్రాన్నీ పూర్తిగా దాచుకోదు. ముందు చిత్రానికీ ఇప్పటి చిత్రానికీ ఉన్న తేడాలనే ఎక్కువగా దాచుకుంటుంది. కెమెరా వణికితే బోర్డంతా తేడాయే. అదే డేటాలో అక్షరాలు అలుక్కుపోతాయి. కెమెరా కదలకపోతే ఆ డేటా అక్షరాల స్పష్టతకు మిగులుతుంది.

ఫోన్‌లోనే వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది కదా అంటారు. సాఫ్ట్‌వేర్‌తో చేసేది చిత్రం అంచులు కత్తిరించి సర్దుతుంది. వెలుతురు తక్కువున్న గదిలో మసకబారిన అక్షరాన్ని మాత్రం అది తిరిగి తేలేదు.

కాబట్టి ముందు ట్రైపాడ్. అదీ వీడియోకు పనికొచ్చే ఫ్లూయిడ్ హెడ్ ఉన్నది. లోపలి జిడ్డు ద్రవం వల్ల కెమెరా కుదుపు లేకుండా మెల్లగా తిరుగుతుంది. ఎత్తు కావాలంటే కాళ్లు పొడిగించాలి. మధ్య కడ్డీని లేపితే ఊగుతుంది. కిందున్న కొక్కేనికి పుస్తకాల సంచి తగిలిస్తే మరింత గట్టిగా నిలుస్తుంది. పిల్లలు కూర్చున్న బల్ల మీద మాత్రం పెట్టకూడదు. డబ్బు మిగిలితే గింబల్ కన్నా ముందు కాలర్ మైకు కొనండి.

ఆటల పోటీలకు ఒంటి కాలి మోనోపాడ్ చాలు. గింబల్ మూడో వంతు. అది కొన్నా, మీ కెమెరా లెన్సుతో కలిపి ఎంత బరువో తూచి, అంతకు మించి మోయగలిగేదే తీసుకోవాలి.

ట్రైపాడ్ కొనడానికి వెళ్లేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా చాపి, కెమెరా బిగించి, వేలితో మెల్లగా తట్టండి. ఊపు ఎంతసేపటికి ఆగుతుందో తెర మీద చూడండి. పక్కకు తిప్పి వదిలితే వెనక్కి గుంజుకోకూడదు. ముందుకు వంచి బిగించాక, మూతి కిందికి జారకూడదు. జారితే ఇంకొకటి చూపించమనండి.