చెట్టుకీ జాతకం రాస్తారు!

ఎర్రగా మండిపోయే ఆకులు, పసుపూ నారింజా కలిసిన కొమ్మలు... మేపుల్ తోట గొప్పదనమంతా ఆ రంగుల్లోనే ఉందనుకుంటాం. కానీ ఏ తోట గొప్పదో తేల్చాల్సిన నిపుణులు ఆకుల్ని చూసి ఊరుకోరు. కొమ్మకు వేలాడే చిన్న లోహపు బిళ్లను చూస్తారు!

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలోని మనవాళ్లు ‘ఫాల్ కలర్స్’ చూడ్డానికి కార్లేసుకుని బయల్దేరతారు. అక్కడి ఎరుపులో పెద్ద వాటా మేపుల్ చెట్లదే. కెనడా జెండా మీద ఉన్నదీ ఈ ఆకే. కశ్మీర్ చినార్ ఆకు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది కానీ దాని కుటుంబం వేరు. మేపుల్‌లో సుమారు 150 జాతులున్నాయి. ఎక్కువ భాగం చైనా, జపాన్‌లవే. మన హిమాలయాల్లోనూ కొన్ని పెరుగుతాయి.

ఇన్ని జాతుల్ని ఒక్కచోట పెంచే తోటల్లో బోస్టన్‌లోని ఆర్నాల్డ్ అర్బోరేటం పేరున్నది. అర్బోరేటం అంటే చెట్ల కోసమే ఏర్పాటు చేసిన తోట. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1872లో మొదలుపెట్టిన ఈ తోటలో ప్రతి చెట్టుకూ ఓ నంబరుంటుంది. ఆ నంబరుతో రికార్డు తీస్తే విత్తనం ఏ దేశంలో దొరికింది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు నాటారు... అన్నీ తెలుస్తాయి. ఒకరకంగా అది చెట్టు జాతకమే!

హోదా ఊరికే రాదు

అమెరికాలో పబ్లిక్ గార్డెన్ల సంఘం ఇలాంటి తోటల్ని పరిశీలించి జాతీయ స్థాయి గుర్తింపు ఇస్తుంది. ఆర్నాల్డ్ మేపుల్ చెట్లకు ఆ గుర్తింపు ఉంది. బ్రిటన్‌లో ఈ పని ‘ప్లాంట్ హెరిటేజ్’ సంస్థ చేస్తుంది. 1978లో పుట్టిన ఈ సంస్థ ఇచ్చే ‘నేషనల్ కలెక్షన్’ హోదాకు విశాలమైన స్థలమేమీ అక్కర్లేదు. పెరట్లో మొక్కలు పెంచేవాళ్లకూ దక్కుతుంది. ఒకే కోవకు చెందిన రకాలు వీలైనన్ని సేకరించాలి, పేర్లు సరిగ్గా ఉండాలి, రికార్డులు రాయాలి. 1829లో రాబర్ట్ హోల్ఫోర్డ్ మొదలుపెట్టిన వెస్టన్‌బర్ట్ తోట జపాన్ మేపుల్ రకాలకు ఆ హోదా అందుకుంది.

పైకి పండే... లోపల డొల్ల

ఇంత పట్టింపు ఎందుకంటే... పేపర్‌బార్క్ మేపుల్ సంగతి చూడాలి. దాల్చినచెక్క రంగు బెరడు కాగితం పొరల్లా లేస్తూ ఉంటుంది. దీన్ని 1901లో ఎర్నెస్ట్ విల్సన్ అనే అన్వేషకుడు చైనా నుంచి బ్రిటన్‌కు చేర్చాడు. తర్వాత బోస్టన్‌కూ తెచ్చాడు. అందానికి అందరూ ముచ్చటపడ్డారు కానీ పెంచడమే కష్టం. కాయలు విరగకాస్తాయి, చాలావాటిలో గింజే ఉండదు! దాంతో తోటల్లో కనిపించే చెట్లలో చాలావరకు అప్పట్లో తెచ్చిన కొద్ది మొక్కల సంతానమే. అందరూ ఒక ఇంటివాళ్లే అన్నమాట. కొత్త తెగులొస్తే అన్నీ ఒకేలా దెబ్బతినే ప్రమాదం ఉంది.

మరోవైపు చైనా అడవుల్లో ఈ చెట్లు చిన్న చిన్న గుంపులుగా మిగిలాయి. అంతరించే ముప్పున్న జాబితాకెక్కాయి. అందుకే 2015లో అమెరికా తోటల నిపుణులు చైనా వెళ్లి, అడవి చెట్ల ఆకుల్ని డీఎన్ఏ పరీక్షలకు సేకరించారు. తోటల్లో ఉన్నవాటికీ, అడవిలో ఉన్నవాటికీ తేడా ఎంతో తెలిస్తేనే ఏయే మొక్కల్ని కాపాడాలో తేలుతుంది. ‘ఫలానా నర్సరీలో కొన్నాం’ అని మాత్రమే రాసి ఉన్న చెట్టు ఈ లెక్కలో పెద్దగా పనికిరాదు. ‘ఫలానా కొండ, ఫలానా లోయ’ అని ఉన్న చెట్టు బంగారం!

ఇది ఒక్క పేపర్‌బార్క్ కథే కాదు. అంతర్జాతీయ వృక్షోద్యానాల సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం అడవి మేపుల్ జాతుల్లో ఐదింట ఒక వంతుకు పైగా ముప్పులో ఉన్నాయి.

మన పెరటి మామిడి ఏ ఊరి అంటో తాతయ్యకు గుర్తుంటే సరే... ఆయన తర్వాత చెప్పేవాళ్లుండరు. ఆ మాట బిళ్ల మీద రాసి పెట్టడమే ఈ తోటలు చేస్తున్న పని. ఆర్నాల్డ్‌లో ప్రవేశానికి టికెట్ లేదు. బోస్టన్‌లో ఉన్న అమ్మాయో అబ్బాయో మిమ్మల్ని అక్కడికి తీసుకెళితే ఎర్రటి ఆకుల కింద ఫొటో దిగండి. పక్కనే ఉన్న బిళ్లనూ ఓసారి చదివి రండి!