పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్నారు

నిజామాబాద్ ఖిల్లా జైలు అనగానే కవి దాశరథి గుర్తొస్తారు. నిజాం సర్కారు బంధిస్తే ఆ గోడల మీదే బొగ్గుతో పద్యాలు రాశారని మన బడిపిల్లలు కూడా చెబుతారు. అదే కాలంలో తెలంగాణ సాయుధ పోరాటం కోసం కబుర్లు మోసిన, దాక్కున్నవాళ్ళకు బువ్వ పెట్టిన, తుపాకీ పట్టిన ఆడవాళ్ళ సంగతి మాత్రం చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం వాళ్ళు వెళ్ళి ఆ ఆడవాళ్ళ నోటనే విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు.

సాయుధ పోరు పట్టు నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో. నిజాంసాగర్ నీళ్ళతో చెరకు పండి, 1937లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసిన మన బోధన్ కథ వేరు. కానీ రాజ్యం ఒక్కటే, దొరలూ వెట్టీ ఒక్కటే. వెట్టి అంటే గడీలో ఉత్త చాకిరీ మాత్రమే కాదు, ఆడదాని ఒంటి మీద కూడా దొరదే హక్కు. అందుకే ఊళ్ళలో దొరలకు ఎదురునిలిచే సంఘం రాగానే ముందు కదిలినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశముఖ్‌కు వదల్లేదు. మొగుడు కొడితే సంఘంలో చెప్పుకునే వీలు కూడా అప్పుడే దొరికింది.

1948 సెప్టెంబరులో ‘పోలీసు చర్య’ పేరుతో భారత సైన్యం వచ్చాక పోరాట దళాలు అడవి పట్టాయి. పసిబిడ్డ ఏడిస్తే దళమంతా దొరికిపోతుంది. కన్నబిడ్డను పరాయివాళ్ళ చేతిలో పెట్టి నడిచిన తల్లి గోడు ఆ పుస్తకంలో ఉంది. చదివాక చాలాసేపు వేరే పని చేయలేం. పట్టుబడితే చిత్రహింసలు, అత్యాచారాలు. బయటపడితే ఊళ్ళో అనుమానపు చూపులు.

1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించింది. మగవాళ్ళు పార్టీ పనుల్లోకి, ఎన్నికల్లోకి వెళ్ళారు. చాలామంది ఆడవాళ్ళను ఇంటికి పొమ్మన్నారు. ఆరుట్ల కమలాదేవి 1952లోనే శాసనసభకు వెళ్ళిన మాట నిజమే. దళాలను నడిపిన మల్లు స్వరాజ్యం మాత్రం ఎమ్మెల్యే అయ్యేసరికి 1978 వచ్చింది. తుపాకీ ఇచ్చినప్పుడు లేని సందేహం పదవి దగ్గర ఎందుకొచ్చిందన్నది నా కోపం.

ఈ తీరు మన ఒక్కచోటిదే కాదు. అందుకే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లో 1325వ తీర్మానం చేసింది: శాంతి చర్చల్లో, పునర్నిర్మాణంలో స్త్రీలకు చోటుండాలని.

ఇక మన దగ్గరికొస్తే, 1948లో పదేళ్ళున్న పిల్లకు ఇప్పుడు తొంభైకి దగ్గర. ‘పోలీసు చర్య’ రోజుల్లో బోధన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకు ఏం జరిగిందో ఆ వయసు అవ్వలను కూర్చోబెట్టి అడగడానికి ఇంకా కొంచెం గడువుంది. ఆ పని ఈ ఏడే మొదలవ్వాలి.