ఉప్పుగాలి నుంచి మంచుగాలికి

1971 డిసెంబరు. విశాఖ తీరాన పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మునిగిన రోజులు. అదే యుద్ధంలో, అదే నెలలో, లడఖ్‌లో మన జవాన్లు తుర్తుక్ గ్రామం కోసం మంచుకొండల మీద పోరాడారు. యుద్ధం ఒకటే, చలి వేరు. విశాఖ చలికి ఒక దుప్పటి చాలు!

ఈ రెండు చోట్లనూ కలిపే మనిషి ఒకరున్నారు. సైనిక నర్సింగు సర్వీసు సిస్టరు. విశాఖలోని నౌకాదళ ఆస్పత్రి 'కల్యాణి'లో పనిచేసే ఆమెకు రేపు లేహ్ సైనికాసుపత్రికి బదిలీ కావచ్చు. మూడు దళాల రోగులూ ఆమెవారే.

లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గుండుకన్నా ముందు చలి కాటేస్తుంది. మంచు కాటు తిన్న జవాను వేళ్ళు తెల్లబారి కొయ్యల్లా బిగుసుకుంటాయి. వాటిని రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అరగంటసేపు ఉంచాలి. నీరు చల్లారనివ్వకూడదు. రక్తం తిరిగి పారేటప్పుడు పుట్టే మంట మగవాణ్ణయినా ఏడిపిస్తుంది. అంతసేపూ పక్కనుండి ధైర్యం చెప్పేది సిస్టరే.

1888లో ఇంగ్లండు నుంచి బొంబాయిలో దిగిన 10 మంది నర్సులతో మొదలైన సేవ ఇది. 1943 నుంచి వీరు కమిషను పొందిన అధికారులు.

"ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతాం?" అంటారు తల్లులు. న్యాయమైన మాటే. కాని ఆ బిగిసిన వేళ్ళూ ఒక తల్లి బిడ్డవే కదా!