పిల్లికి విశ్వాసం లేదా?

పిల్లికి విశ్వాసం లేదని మనవాళ్ళు ఏనాడో తీర్పు చెప్పేశారు. కుక్కకు ఒక ముద్ద వేస్తే జన్మంతా గుర్తుంచుకుంటుందనీ, పిల్లికి రోజూ పాలు పోసినా పొరుగింటి అరుగుమీదే పడుకుంటుందనీ మన ఇళ్ళల్లో అనుకోవడం కద్దు. సామెతల్లో కూడా ఆ ప్రాణికి మంచిపేరు లేదు. కళ్ళు మూసుకుని పాలు తాగేది పిల్లి. ఎలుక ప్రాణంతో చెలగాటమాడేది పిల్లి. కాలు కాలి ఇల్లిల్లూ తిరిగేదీ పిల్లే. ఆఖరికి శాపాలు పెట్టేదీ పిల్లే. ఆ శాపాలకు ఉట్లు తెగవని మన ధైర్యం.

సామెతలతో పోతే ఫరవాలేదు. ఈ తీర్పు మూలంగా శిక్షలు కూడా పడుతున్నాయి. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లికూన ఏడాది తిరిగేసరికి పెద్దదవుతుంది. పిలిస్తే రాదు. ఎత్తుకుంటే జారిపోతుంది. నాలుగు రోజులు ఊరికి వెళ్ళి వస్తే గుమ్మంలో ఎదురు రాదు. "దీనికి మనమంటే లెక్కే లేదు" అని ఇంట్లో ఒక మాట పుడుతుంది. ఆ మాటే ముదిరి, ఒకనాటి సాయంకాలం పిల్లి గోనెసంచిలోకి వెళ్ళడం, ఊరవతల విడుదల కావడం జరుగుతుంది. ఏ నేరంమీద తనకు ప్రవాసశిక్ష పడిందో ఆ మూగజీవానికి తెలియదు. అందుచేత శిక్ష అమలు జరిపేముందు ముద్దాయి పక్షం కూడా కొంచెం వినడం న్యాయం.

ఉమ్మడి కుటుంబమూ, వేరుకాపురమూ

అసలు చిక్కంతా పిల్లిని కుక్కతో పోల్చడంలో వున్నది. కుక్క పూర్వీకులు తోడేళ్ళు. తోడేళ్ళది ఉమ్మడి కుటుంబం. మందగా తిరుగుతాయి, కలిసి వేటాడుతాయి, పంచుకుని తింటాయి. మందలో బతకాలంటే పక్కవారి ముఖం చూసి మసలుకోవాలి. యజమాని గుమ్మంలో అడుగు పెట్టగానే కుక్క తోక వూపి గంతులు వేస్తున్నదంటే, అది తరతరాల ఉమ్మడికాపురం నేర్పిన మర్యాద.

పిల్లి వంశం వేరు. ఆఫ్రికాలోనూ పశ్చిమాసియాలోనూ తిరిగే ఒక జాతి అడవిపిల్లి మన ఇంటి పిల్లులన్నింటికీ మూలమని 2007లో జన్యుపరీక్షలవల్ల తేలింది. ఆ అడవిపిల్లి ఒంటరిగా వేటాడుతుంది. దాని ఆహారం ఎలుకలు, పిట్టలు. ఒక ఎలుకను పట్టడానికి నలుగురి సాయం అక్కరలేదు. పట్టిన ఎలుక నలుగురికి పంచడానికి చాలదు. ఇక ఉమ్మడికాపురం దేనికి?

మనిషి వ్యవసాయం నేర్చి గింజలు నిలవచేయడం మొదలుపెట్టాక, గింజలకోసం ఎలుకలూ, ఎలుకలకోసం పిల్లులూ ఊళ్ళలోకి వచ్చాయి. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో, ఒక మనిషి అస్థిపంజరానికి మూరెడు దూరంలో పిల్లి అస్థిపంజరం కూడా దొరికినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ ద్వీపంలో పిల్లులు సహజంగా పుట్టినవి కావు. ఎవరో పడవమీద తీసుకువెళ్ళి వుండాలి. అంటే మనకూ పిల్లికీ పరిచయం చాలా పాతదే. అయితే ఆవునూ గొర్రెనూ కట్టి తెచ్చుకున్నట్లు పిల్లిని మనం తెచ్చుకోలేదు. తన భోజనం వెతుక్కుంటూ తానే వచ్చింది. పాలేరుగా కాదు, కౌలుదారుగా వచ్చిందన్నమాట. కౌలుదారు ప్రతి ఉదయం వచ్చి దణ్ణం పెట్టలేదని నొచ్చుకుంటే ఎలా?

అటకమీద గడిచిన రోజులు

అయినా అన్ని పిల్లులూ ఒక్కతీరుగా వుండవు. ఒకటి ఒడిలోనుంచి దిగనంటుంది. మరొకటి అదే ఇంట్లో, అదే అన్నం తింటూ, చేయి చాస్తే మంచం కిందకు పరుగెత్తుతుంది. ఈ తేడాకు కారణం చాలామట్టుకు బాల్యంలో వున్నది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే పరిశోధకురాలు 1980 ప్రాంతాలలో ఈ విషయం పరీక్షించి చూశారు. పిల్లికూనకు రెండోవారం నుంచి ఏడోవారం వరకూ వున్న కాలం చాలా ముఖ్యమైనదని ఆమె తేల్చారు. ఆ రోజుల్లో మనిషి చేతిలో మెలగిన కూన మనిషిని తనవాడనుకుంటుంది. ఆ అవకాశం తప్పిపోయిన కూనకు మనిషంటే ఎప్పుడూ కొంత బెదురే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. పిల్లి ఎక్కడ ఈనుతుంది? అటకమీదనో, పాత పెట్టెల వెనుకనో, ధాన్యపు కొట్టులోనో. పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. ఏడిళ్ళ లెక్క ఎవరు చూశారో గాని, ఎవరి కంటనైనా పడితే కూనలను నోట కరుచుకుని చోటు మార్చడం మాత్రం నిజం. అలా దాగి దాగి, ఆ కూనలు కిందకు దిగేసరికి నెలన్నరో రెండు నెలలో అవుతుంది. అప్పటికి ఆ ముఖ్యకాలం కాస్తా అటకమీదే గడిచిపోతుంది. తరవాత మనం ఎంత పాలు పోసినా, ఆ బెదురు పోవడానికి నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు పూర్తిగా పోదు. ఇది విశ్వాసం లేకపోవడం కాదు, పరిచయం ఆలస్యం కావడం. దీనికితోడు తండ్రిపోలిక కూడా కొంత వుంటుంది. తండ్రి ధైర్యం గలదైతే, దాన్ని ఎన్నడూ చూడని కూనలు కూడా చొరవగా వుంటాయట!

ఇక్కడ ఒక చమత్కారం చెప్పకుండా వుండలేను. తల్లిపిల్లి నోట కరుచుకుపోతుంటే కూన ఏ ప్రయత్నమూ చేయదు. కాళ్ళు ముడుచుకుని, భారమంతా తల్లిమీద వేసి వేలాడుతుంది. మన వైష్ణవ వేదాంతులు దీనినే మార్జాలకిశోర న్యాయమన్నారు. భగవంతునిపై సంపూర్ణంగా భారం వేసిన శరణాగతునికి వారు చూపిన ఉపమానం పిల్లికూన. విశ్వాసం లేదని మనం ఇంటినుంచి వెళ్ళగొట్టే జంతువును, విశ్వాసానికే దృష్టాంతంగా వారు చూపారు!

పిల్లి భాష

పిల్లికి మనమీద మమకారం వున్నదా, లేదా? ఆరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రకటించిన పరీక్ష ఒకటి వున్నది. పిల్లికూననూ పెంచినవారినీ ఒక కొత్త గదిలో రెండు నిమిషాలు వుంచారు. తరవాత మనిషి బయటకు వెళ్ళి, రెండు నిమిషాల అనంతరం తిరిగివచ్చారు. నూటికి సుమారు 64 కూనలు మనిషి రాగానే కుదుటపడి, ఒకసారి పలకరించి, మళ్ళీ నిబ్బరంగా గది చూడడంలో పడ్డాయి. చంటిపిల్లలు తల్లిని చూసి కుదుటపడే తీరు కూడా ఇదే. మనిషి దగ్గర వున్నాడన్న ధీమాతోనే అది మనకు వీపు తిప్పి కిటికీలోకి చూస్తున్నదన్నమాట. మనమేమో దాన్ని నిర్లక్ష్యమనుకుంటున్నాము.

పిలిస్తే పలకదన్న ఫిర్యాదు కూడా పరీక్షకు నిలిచింది. జపానులో అట్సుకో సైతో అనే పరిశోధకురాలు తన సహచరునితో కలిసి, ఇరవై పిల్లులకు పరాయివారి గొంతులూ యజమాని గొంతూ వినిపించారు. 2013లో ఆ ఫలితం వెలువడింది. యజమాని గొంతు వినగానే పిల్లులు చెవులు కదిల్చాయి, తల తిప్పాయి. అయితే లేచి మాత్రం రాలేదు! గుర్తుపట్టడం వేరు, హాజరు పలకడం వేరు. తరగతిలో ఆఖరి బెంచీమీద కూర్చునే కొందరు విద్యార్థులను ఎరిగినవారికి ఈ తేడా బాగా తెలుసు.

తోక నిటారుగా నిలిపి, కొస కొంచెం వంచి మన వైపు నడిచి వస్తే అది పిల్లి నమస్కారం. కాళ్ళకు బుగ్గలు రాయడం ఒట్టి పాలకోసం కాదు. దాని బుగ్గలలో వున్న గ్రంథుల వాసన మనకు అంటించి, వీరు మా ఇంటివారు అని గుర్తు వేసుకుంటుంది. మ్యావుమనడం కూడా మనకోసమే. పెద్దపిల్లులు తమలో తాము ఆ కూత కూయడం అరుదు; మనుషులకు మాట చెవిన పడాలని వాడుకునే భాష అది. ఇక కళ్ళు మూసుకునే సంగతి. ఎదుటివారివైపు చూస్తూ కళ్ళు నెమ్మదిగా సగం మూసి తెరవడం పిల్లుల్లో నెమ్మదికి గుర్తు. మనం అలా చేస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుందనీ, కొత్తమనిషి చేసినా దగ్గరకు రావడానికి ఎక్కువ ఇష్టపడుతుందనీ ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయం వారు 2020లో చూపించారు. సామెతలో దొంగతనానికి గుర్తైన ఆ మూసిన కళ్ళు, అసలు పిల్లిభాషలో నమ్మకానికి గుర్తు.

మన ప్రేమభాష దానికి అర్థం కాకపోవడం మరో సంగతి. పండుగనాడు ముద్దుగా పాయసం పెడితే వాసన చూసి వెళ్ళిపోతుంది. ఇందులో పొగరు లేదు. తీపి తెలిపే జన్యువు పిల్లులలో పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోనే మరొక పరిశోధనశాల వారు కనుగొన్నారు. పాయసానికీ గంజికీ దానికి తేడా లేదు. పాలు కూడా చాలా పెద్దపిల్లులకు అరగవు. మన ఆనవాయితీ ఎలావున్నా, నీళ్ళ గిన్నె పెట్టడం మేలు.

తెనాలివారి పిల్లి

తెనాలి రామకృష్ణుని పిల్లికథ మనకందరికీ తెలుసు. రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి ఆయన మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆపైన పాలగిన్నె కనబడితే పరుగు. పిల్లలు ఈ కథకు పడి పడి నవ్వుతారు. కాని పిల్లి పక్షాన చూస్తే ఇందులో పెద్ద నీతి వున్నది. ఒక్కసారి పడ్డ బాధ దానికి చాలా కాలం గుర్తుంటుంది. తోక పట్టి లాగిన పసివాణ్ణి, చీపురు విసిరిన చేతిని, నిద్రలో ఎత్తి గట్టిగా హత్తుకున్న చుట్టాన్ని అది మరచిపోదు. కొట్టి దారికి తేవడం పిల్లి విషయంలో చెల్లదు. అది నేర్చుకునేది ఒక్కటే, మననుంచి దూరంగా వుండడం.

మరి దగ్గరకు తీయడమెలా? స్విట్జర్లండులో జూరిచ్ పరిశోధకులు ఇళ్ళకు వెళ్ళి చూసి చెప్పినదేమంటే, మనం మొదలుపెట్టిన ముద్దులకంటే పిల్లి తానుగా మొదలుపెట్టిన పలకరింపులే ఎక్కువసేపు సాగుతాయి. అందుచేత దాని వెంట పడవద్దు. నేలమీద కూర్చుని చేయి చాచి వూరుకోండి. వస్తే బుగ్గలూ చెవుల వెనుకా నిమరండి. పొట్ట జోలికి పోవద్దు. సాయంకాలం దీపాలవేళ దానికి వేటబుద్ధి పుడుతుంది. అప్పుడు పది నిమిషాలు తాడుముక్క ఆడించండి. అపార్టుమెంటులో తలుపులు మూసుకుని బతికే పిల్లికి ఇది మరీ అవసరం. ఇల్లు మారినప్పుడు మొదటి కొన్ని రోజులు ఒకే గదిలో, దాని పాత గుడ్డలతో వుంచితే త్వరగా కుదుటపడుతుంది.

ఉన్నట్టుండి దూరమైతే

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ కూడదు. ఎప్పుడూ ఒడిలో పడుకునే పిల్లి ఉన్నట్టుండి మూలకు చేరితే అది స్వభావం కాదు, జబ్బు కావచ్చు. ఒంటరి వేట జంతువు తన బాధ బయటపెట్టదు, నక్కి కూర్చుంటుంది. పంటినొప్పి, కీళ్ళనొప్పి, జ్వరం ఏదైనా కావచ్చు. ఒకరోజు మించి తిండి ముట్టకపోయినా, ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోయినా, వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. మూత్రం బిగించడం రెండుమూడు రోజుల్లోనే ప్రాణంమీదికి తెస్తుంది. ఇంట్లో వున్నది కదా అని పారాసెటమాల్ మాత్ర వేయకండి. మనకు జ్వరం తగ్గించే ఆ మాత్ర ఒక్కటే పిల్లిని చంపడానికి చాలు. విశ్వాసం లేదని కోపగించుకుంటూ కూర్చున్న ఇంట్లో, ఆ పిల్లి జబ్బుతో మంచం కింద ముడుచుకుని వుండవచ్చు.

ఇంతకూ, ఈసారి పిల్లి మీ పిలుపు విని కదలకపోతే దాని చెవులకేసి ఒకసారి చూడండి. చెవి మీ వైపు తిరిగిందా? అయితే విన్నది, గుర్తుపట్టింది. రావడమా మానడమా అన్నది దాని తీరికనుబట్టి వుంటుంది. గోనెసంచి మాత్రం ఎలకలు కొరకకుండా అటకమీదే దాచి వుంచండి. ఎలకల సంగతి పిల్లి చూసుకుంటుంది.